వీధి నాటకంలో వాడకు పాత్ర ఏది?

డిసెంబరు దగ్గర పడితే ఒకసారి, వేసవి సెలవులకు ఇంకోసారి మన దళితవాడల్లోకి సువార్త బృందాలు వస్తాయి. కొన్ని హైదరాబాదు, బెంగళూరు, చెన్నై చర్చిల నుంచి బయల్దేరతాయి. కొన్నిటిలో అమెరికాలో పెరిగిన తెలుగు పిల్లలు కూడా ఉంటారు. చర్చి వాకిట్లోనో, బడి మైదానంలోనో, మూడు వీధులు కలిసే చోటో స్పీకరు పెట్టి పది నిమిషాల మూకాభినయం వేస్తారు. నల్ల దుస్తులు, తెల్ల రంగు పూసిన ముఖాలు, వెనక ఒక పాట. ఒక యువకుణ్ణి తాగుడు, డబ్బు, కోపం, వ్యామోహం చుట్టుముట్టి గొలుసులతో కట్టేస్తాయి. తెల్లబట్టలు వేసుకున్న ఒకరు వచ్చి ఆ గొలుసులు తెంపుతారు. ఆ తర్వాత ఒకరు మైకు పట్టుకుని సాక్ష్యం చెబుతారు, స్థానిక పాస్టరు దాన్ని తెలుగులో వినిపిస్తాడు. ప్రార్థన అవుతుంది, చేతులెత్తమంటారు, ఫొటోలు తీసుకుంటారు. పొద్దుగూకే వేళకు బండి ఇంకో ఊరి దారి పడుతుంది.

ఇదే ప్రదర్శన ఉత్తరప్రదేశ్‌లోనో మధ్యప్రదేశ్‌లోనో వేస్తే మతమార్పిడి కేసుకు దారితీయవచ్చు. దీని మీద మన దగ్గర జరిగే చర్చ రెండు గట్ల మధ్యే కొట్టుకుంటోంది. ఒక గట్టు మీదివాళ్ళు ‘అమాయక దళితులను ప్రలోభపెడుతున్నారు’ అంటారు. రెండో గట్టు మీదివాళ్ళు ‘నశించిపోతున్న ఆత్మలను రక్షిస్తున్నాం’ అంటారు. ఇద్దరూ బద్ధవిరోధుల్లా కనిపిస్తారు. కానీ ఇద్దరి ఊహలోనూ దళితుడు ఒకేలా ఉంటాడు: నోరు లేనివాడు, తనంతట తాను నిర్ణయించుకోలేనివాడు, ఎవరో వచ్చి కట్టేస్తేనో విప్పితేనో తప్ప కదలనివాడు. ఈ ఊహను రెండు వైపులా ఎదుర్కోకుండా వీధిలో మతప్రచారం గురించి అంబేద్కరైట్లు ఒక మాట చెప్పలేరు.

చట్టం చూసే దళితుడు

రాజ్యాంగం 25వ అధికరణ మతాన్ని అవలంబించడం, ఆచరించడంతో పాటు ప్రచారం చేసుకునే హక్కును కూడా ఇచ్చింది. ‘ప్రచారం’ అనే మాట యథాలాపంగా చేరింది కాదు. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో దాని మీద వాదోపవాదాలు నడిచాయి. లోక్‌నాథ్ మిశ్రా వంటివారు ఆ మాట వద్దన్నారు. కె.ఎం. మున్షీ, టి.టి. కృష్ణమాచారి వంటివారు ఉండాలన్నారు. మాట నిలిచింది. వీధిలో పాట పాడటం, నాటకం వేయడం 19వ అధికరణ ఇచ్చిన భావప్రకటన హక్కు కిందికీ వస్తాయి.

ఆ తర్వాత రాష్ట్రాలు చట్టాలు మొదలుపెట్టాయి. ఒడిశా 1967లో, మధ్యప్రదేశ్ 1968లో ‘మత స్వేచ్ఛ’ పేరుతోనే మతమార్పిడి నియంత్రణ చట్టాలు తెచ్చాయి. 1977లో స్టెయినిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు ఈ రెండింటినీ సమర్థిస్తూ, ప్రచారం చేసే హక్కులో ఇతరులను మతం మార్చే హక్కు లేదంది. ఆ తీర్పు మీద న్యాయశాస్త్ర విమర్శ చాలా ఉంది. ఇక్కడ మనకు కావలసింది ఆ చట్టాల్లో శిక్షల పట్టిక. బలవంతంగానో, ప్రలోభంతోనో, మోసంతోనో మతం మారిస్తే ఏడాది వరకు జైలు, ఐదు వేల జరిమానా. మారిన వ్యక్తి మైనరు, స్త్రీ, ఎస్సీ లేదా ఎస్టీ అయితే రెండేళ్ళ వరకు జైలు, పది వేల జరిమానా. ఉత్తరప్రదేశ్ 2021 చట్టం ఇదే మూసను తీసుకుని శిక్షను ఏడాది నుంచి ఐదేళ్ళుగా, ఈ వర్గాల విషయంలో రెండు నుంచి పదేళ్ళుగా పెట్టింది. 2024 సవరణ వాటిని మరింత పెంచి కొన్ని నేరాలకు యావజ్జీవం దాకా తీసుకెళ్ళింది. బాధితులు, బంధువులే కాదు, ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చని కూడా చేర్చింది.

మైనరు, స్త్రీ, ఎస్సీ, ఎస్టీ ఒకే వరుసలో ఎందుకున్నారు? పిల్లవాడికి సొంత నిర్ణయం తీసుకునే వయసు లేదని చట్టం అనుకోవడంలో అర్థముంది. మరి యాభై ఏళ్ళ మాదిగ రైతుకూలీకి, ఎం.ఏ. చదివిన మాల అమ్మాయికి వయసు ఎప్పుడొస్తుంది? రక్షణ పేరుతో రాసిన ఈ నిబంధన దళితుడి బుద్ధిని శాశ్వతంగా మైనరు చేసింది.

ఉత్తరప్రదేశ్ చట్టం ప్రలోభం అనే మాటకిచ్చిన నిర్వచనంలో బహుమతి, డబ్బు, ఉద్యోగం, ఉచిత విద్యతో పాటు ‘మెరుగైన జీవనశైలి’ కూడా ఉంది. కులం నుంచి బయటపడాలనుకునే మనిషి కోరుకునేదే మెరుగైన జీవితం. ఆత్మగౌరవం కోసం మతం మారమని 1936 మేలో ముంబయిలో మహర్ల సదస్సుకు చెప్పిన అంబేద్కర్ ఉపన్యాసం ఈ నిర్వచనం కింద నేరమయ్యే ప్రమాదం లేదా?

వీధి మీద మొదటి కేసులు

సువార్త వీధి ప్రదర్శనల మీద పోలీసు కేసులు కొత్తవి కావు. 1882 సెప్టెంబరు 19న నలుగురు సాల్వేషన్ ఆర్మీ సభ్యులు బొంబాయి రేవులో దిగారు. వారి నాయకుడు ఫ్రెడరిక్ టక్కర్ అంతకుముందు ఇండియన్ సివిల్ సర్వీసులో అధికారి. ఉద్యోగం వదిలి, కాషాయం కట్టి, ఫకీర్ సింగ్ అని పేరు మార్చుకున్నాడు. ఆ బృందం జెండా, వాయిద్యాలు పట్టుకుని వీధుల్లో పాడుతూ నడిచింది. వారిని అడ్డుకున్నది బ్రిటిష్ ప్రభుత్వ పోలీసులే. శాంతిభద్రతలు చెడతాయంటూ అరెస్టులు, జరిమానాలు వేసి చివరకు జైల్లో పెట్టారు. వారి హక్కు కోసం నిరసన తెలిపిన భారతీయుల్లో బ్రహ్మసమాజ నాయకుడు కేశవ్ చంద్ర సేన్ ఒకరు.

ఈ ఉదంతం నుంచి రెండు విషయాలు తీసుకోవచ్చు. వలస ప్రభుత్వం, మిషనరీలు ఎప్పుడూ ఒకటేనన్న సులువు సూత్రం నిలవదు. దొరతనానికి తెల్లవాడు వీధిలోకి దిగి నేటివుల్లా బతకడమే ఇబ్బంది అయింది. రెండోది, ‘శాంతిభద్రతలు’ అన్నది వీధి ఎవరిదో తేల్చే మాట. పండగ ఊరేగింపు మైళ్ళ కొద్దీ సాగినా అది సంప్రదాయం. పదిమంది కుర్రాళ్ళు స్పీకరు పెట్టి పాడితే అది ఉద్రిక్తత. వైకోంలో 1924లో పోరాటం గుడి లోపలికి వెళ్ళడానికి కాదు, గుడి చుట్టూ ఉన్న దారిలో నడవడానికి. వీధిలో నడవడానికే పోరాడాల్సి వచ్చిన జాతికి వీధిలో నిలబడి మాట్లాడే హక్కు చిన్న విషయం కాదు. ఆ మాటలో యేసు ఉన్నాడా, బుద్ధుడు ఉన్నాడా, దేవుడే లేడా అన్నది తర్వాతి సంగతి.

గుండ్లకమ్మ ఒడ్డున ఎవరి చేతులు

ఇప్పుడు రెండో గట్టుకు వద్దాం. ‘రక్షించడానికి వచ్చాం’ అనేవారు తెలుసుకోవలసిన చరిత్ర ఒంగోలు పక్కనే ఉంది.

1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వారిలో అత్యధికులు మాదిగలు. ప్రపంచ మిషన్ చరిత్ర పుస్తకాలు దీన్ని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ఘనతగా రాస్తాయి. కానీ ఆ రోజు క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఆరుగురు తెలుగు ప్రబోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని నీళ్ళలో దిగి ఆ పని చేశారు.

అంతకుముందు 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ళు కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. ‘అన్నం కోసం మారారు’ అనే అపవాదు రాకుండా కరువు నడిచినంత కాలం మిషన్ బాప్తిస్మాలు ఆపేసింది. ఆ నెలలంతా జనం అడుగుతూనే ఉన్నారు. ప్రలోభం అనే మాటను చరిత్ర మీదికి విసిరేవాళ్ళు ఈ క్రమాన్ని చూడాలి.

మరి వాళ్ళకు సువార్త ఎవరు చెప్పారు? తాళ్ళకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద తోళ్ళ వ్యాపారం మీద ఉత్తరాది జిల్లాలకు వెళ్ళి అక్కడ ఆ మాట విన్నాడు. 1866 ప్రాంతంలో క్రైస్తవుడయ్యాడు. అంతకుముందు అతను రాజయోగ గురువుల దగ్గర శిష్యరికం చేసినవాడు, సత్యం కోసం వెతుకుతూ తిరిగినవాడు. పల్లె పల్లెకూ నడిచి, బంధువుల అరుగుల మీద, చెప్పులు కుట్టే చోట కూర్చుని తన భాషలో, తన సామెతలతో చెప్పాడు. క్లౌ తాళ్ళకొండపాడుకు వచ్చేసరికే అక్కడ ఎదురుచూసే జనం ఉన్నారు. ఈ మాదిగ ప్రబోధకుల జ్ఞాపకాలను విని ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ఒక పుస్తకమే రాసింది. దాని పేరుకు అర్థం ‘చెప్పులు కుడుతూ’ అని.

అంటే తెలుగు నేల మీద సువార్త పనికి పునాది వేసింది దళితుడి నోరే. వాడ ఆ కథలో మాట్లాడింది, వెతికింది, తర్కించింది, నిర్ణయించింది. నూట యాభై ఏళ్ళ తర్వాత అదే వాడ ముందుకు మాటల్లేని మైమ్ తీసుకొచ్చి, ప్రేక్షకులను చేసి కూర్చోబెట్టడం ముందుకు వేసిన అడుగా?

డప్పు ఎక్కడికి పోయింది

మైమ్‌కు మాటలుండవు. భాష రానివాళ్ళకు అది సౌకర్యం. ఏ దేశంలోనైనా అదే పాట, అదే గొలుసు, అదే విముక్తి. కానీ వాడకు ప్రదర్శన కొత్త కాదు. చిందు భాగవతం మాదిగల ఆశ్రిత కళాకారులది. జాంబపురాణం మాదిగల పుట్టుకను వాళ్ళ వైపు నుంచి చెప్పింది. బుర్రకథను షేక్ నాజర్ ప్రజల ఆయుధం చేస్తే, సువార్త బృందాలు కూడా దాన్ని అందుకున్నాయి. క్రైస్తవ బుర్రకథలు, భజనలు, కోలాటాలు తెలుగు పల్లెల్లో తరాలుగా నడిచాయి. హరికథ బాణీలో క్రీస్తు కథ చెప్పినవాళ్ళున్నారు. ఇప్పుడు చాలాచోట్ల వాటి స్థానంలో కీబోర్డు, రికార్డు పాట, మైమ్ వచ్చాయి.

ఇక్కడ డప్పు చరిత్రను జాగ్రత్తగా చెప్పుకోవాలి. తొలినాటి మాదిగ క్రైస్తవులు ఊరి జాతరల్లో డప్పు కొట్టమని నిరాకరించారు. అది కళను వదులుకోవడం కాదు, వెట్టిని తిరస్కరించడం. చచ్చిన పశువు మాంసం తినమని, ఆదివారం పని చేయమని అన్నంత తెగువే అది. ఊరి పెద్దలకు అది తిరుగుబాటుగానే అర్థమైంది. బావులు, అంగళ్ళు మూసి వేధించారు. ఆ తరానికి డప్పు కింద పెట్టడమే విముక్తి.

అయితే తర్వాతి తరాల చర్చిల్లో చాలావరకు ఆ రాజకీయ అర్థాన్ని మరిచి, డప్పుకు ‘దయ్యాల వాయిద్యం’ అనే ముద్ర మాత్రం మిగుల్చుకున్నాయి. వెట్టిని తిరస్కరించిన నిర్ణయం కాస్తా తన చర్మవాద్యాన్ని తానే అసహ్యించుకునే అలవాటుగా మారింది. 1994 జూలైలో అదే ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మొదలైనప్పుడు ఆ డప్పే మళ్ళీ చేతికొచ్చింది, ఈసారి ఊరి కోసం కాదు, తన కోసం. ఒకే జిల్లాలో డప్పు దించడమూ ఎత్తడమూ రెండూ ఆత్మగౌరవమే అయ్యాయి. ఎప్పుడు దించాలో, ఎప్పుడు ఎత్తాలో తేల్చుకున్నది డప్పు పట్టినవాళ్ళే కనుక.

స్కిట్‌లో లేని గొలుసు

మిషన్ ట్రిప్ స్కిట్‌లో గొలుసులు చాలా ఉంటాయి. తాగుడు, సిగరెట్టు, డబ్బు, సెల్‌ఫోను, నిరాశ. కులం అనే గొలుసు మాత్రం కనిపించదు. పాపం అంటే వ్యక్తి లోపలి బలహీనత. అతణ్ణి వాడలో కట్టేసిన వ్యవస్థ ఆ కథలో లేదు. తాగుడు మానమని చెప్పే నాటకం ఆ బెల్టుషాపును వాడలో ఎవరు పెట్టారో చెప్పదు. భూమి లేదని, శ్మశానానికి దారి లేదని, చర్చిలోనే రెడ్డి క్రైస్తవులకు, దళిత క్రైస్తవులకు మధ్య గీత ఉందని చెప్పదు. అంబేద్కర్ తన రచనల్లో క్రైస్తవం మీద వేసిన ప్రశ్న ఇదే. మతం మారినవారిని కులం వెన్నంటే వచ్చింది, వారి పౌరహక్కుల కోసం మిషన్లు నిలబడలేదు అన్నది ఆయన విమర్శ.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. కొన్ని స్కిట్లలో పాతమతాన్ని దయ్యంగా, కొమ్ములతో చూపిస్తారు. వాడలో ఆ పాత్రను చూసే ముసలమ్మకు గుర్తొచ్చేది మనువు కాదు, తన పోలేరమ్మ, ఎల్లమ్మ, మాతమ్మ. తన దేవతను తాను వదులుకోవడం వేరు, పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళే అతిథి ఆమెను దయ్యమనడం వేరు. నాగపూర్‌లో 22 ప్రతిజ్ఞలు చేసినవారు తమ గతాన్ని తామే తిరస్కరించారు. వాళ్ళ తరఫున ఇంకెవరో తిరస్కరించలేదు.

కులాన్ని, మతాన్ని ఒకే వేదిక మీద చూపించడం ఎలాగో జోతిరావు ఫూలే 1855లోనే రాశాడు. ఆయన ‘తృతీయ రత్న’ నాటకంలో ఒక బ్రాహ్మణ పురోహితుడు గర్భిణి అయిన కుణబీ స్త్రీని, ఆమె భర్తను గ్రహదోషాల పేరుతో దోచుకుంటాడు. విదూషకుడు అడుగడుగునా గుట్టు విప్పుతాడు. కథలో ఒక క్రైస్తవ పాద్రీ కూడా వస్తాడు, వారితో వాదిస్తాడు, కళ్ళు తెరిపిస్తాడు. కానీ చివరకు ఆ దంపతులు వెళ్ళేది ఫూలేలు నడిపే బడికి. మూడో రత్నం, అంటే మూడో కన్ను, విద్య. పాద్రీని ఫూలే శత్రువుగా చూపలేదు, రక్షకుడిగానూ నిలబెట్టలేదు. మాట్లాడే హక్కున్న ఒక పాత్రను చేశాడు. నిర్ణయం మాత్రం దంపతులదే. ఆ తర్వాత సత్యశోధక జల్సాలు, 1930ల నుంచి భీమరావు కర్డక్ వంటి కళాకారుల అంబేద్కరీ జల్సాలు ఈ దారినే నడిచాయి. తమాషా ఆడే చేతుల్లోని రూపాన్నే తీసుకుని, ఆ చేతులకే మాట ఇచ్చాయి.

ఇది మన సమస్య ఎందుకు

‘చర్చిల గొడవ మనకెందుకు, మనం బౌద్ధులం’ అనే అంబేద్కరైట్ మిత్రులున్నారు. 2022 అక్టోబరులో ఢిల్లీలో జరిగిన బౌద్ధ దీక్షా సభలో 22 ప్రతిజ్ఞలు చదివిన కార్యక్రమంలో పాల్గొన్నందుకు మంత్రి రాజేంద్ర పాల్ గౌతమ్ పదవి వదులుకోవాల్సి వచ్చింది. 2024 ఏప్రిల్‌లో గుజరాత్ ప్రభుత్వం ఒక సర్క్యులర్ ఇస్తూ, హిందూమతం నుంచి బౌద్ధంలోకి మారాలన్నా 2003 చట్టం కింద జిల్లా మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి తప్పనిసరి అంది. సువార్త బృందం కోసం పన్నిన వలలో దీక్షాభూమి కూడా పడుతుంది. పడింది కూడా.

తెలుగు రాష్ట్రాల్లో ఇంకో కొస ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను మొదట హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవ, ముస్లిం దళితులు బయటే ఉన్నారు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ మత నిబంధన తొలగించాలంది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా కోరుతూ తీర్మానం చేసింది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవుడైన పాస్టరు కులదూషణ మీద ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద రక్షణ పొందలేడని తీర్పిచ్చింది. దూషించినవాడికి అతని కులం గుర్తుంది, చట్టానికి మాత్రం గుర్తులేదు. ఈ స్థితిలో వాడలోని పాస్టరు వీధిలో నిలబడి పాడటమంటే ఉన్న కాస్త రక్షణనూ పణంగా పెట్టి పాడటం. ట్రిప్ ముగించుకుని విమానం ఎక్కేవారికి ఆ పణం లేదు. బృందం వెళ్ళాక పోలీసుస్టేషనుకు పిలిపించేది స్థానిక పాస్టరునే, చేయెత్తిన కూలీనే. పర్యాటక వీసా మీద మతప్రచారం కుదరదు. ఓసీఐ కార్డున్నవారికి కూడా మిషనరీ పనికి ప్రత్యేక అనుమతి కావాలని 2021 నోటిఫికేషన్ చెబుతోంది. ఆ నిబంధనలు న్యాయమైనవా కాదా అన్నది వేరే చర్చ. వాటిని పట్టించుకోని ఉత్సాహానికి మూల్యం కట్టేది ఎప్పుడూ వాడే.

అందుకే మన వైఖరి రెండు అంచులతో ఉండాలి. వీధిలో నిలబడి తన విశ్వాసం చెప్పుకునే హక్కును, ఆ విశ్వాసం మనకు నచ్చినా నచ్చకపోయినా, షరతులు లేకుండా సమర్థించాలి. ఎస్సీ, ఎస్టీ, స్త్రీలను మైనర్ల పక్కన నిలబెట్టే నిబంధనలను రద్దు చేయమని అడగాలి. 1950 ఉత్తర్వులోని మత నిబంధన పోవాలని అడగాలి. ఇవి చర్చి కోర్కెలు కావు, కులనిర్మూలన కోర్కెలు.

చర్చిలను, మిషన్ బృందాలను అడగాల్సినవి కూడా ఉన్నాయి. తయారుగా తెచ్చిన స్కిట్ కంటే ముందు వాడ మాట వినండి. స్క్రిప్టు వాడ యువత రాయనివ్వండి, డప్పు వాళ్ళనే కొట్టనివ్వండి, ఆ గొలుసుల్లో కులానికి పేరు పెట్టనివ్వండి. చేతులెత్తినవారి లెక్క, ఏడ్చిన ముఖాల ఫొటో దాతలకు పంపే నివేదికలో అంకె కాకూడదు. ఆ ముఖం యజమాని అనుమతి అడగండి. జబ్బు తగ్గుతుందన్న హామీని నాటకంలో చొప్పించకండి, ఆసుపత్రికి దారి చూపండి. బృందం వెళ్ళాక కేసు పడితే లాయరు ఖర్చు ఎవరు పెడతారో బండి ఎక్కే ముందే తేల్చండి.

విశ్వవిద్యాలయాల్లో నాటకం, మతం, కులం మీద పనిచేసే మన పరిశోధకులకు కూడా ఒక బాకీ ఉంది. క్రైస్తవ బుర్రకథ దళాలు, ఊరూరా తిరిగిన ప్రబోధకులు, పాటలు కట్టిన బైబిలు స్త్రీలు, వీరి చరిత్ర సగం చర్చి పెట్టెల్లో, సగం ముసలివాళ్ళ నోళ్ళలో ఉంది. దాన్ని మిషనరీ ఘనతగానో, మతమార్పిడి కుట్రగానో చదివినంత కాలం అందులోని దళిత కళాకారుడు మనకు కనిపించడు. పేరయ్య కాళ్ళరిగేలా తిరిగింది ఎవరి స్కిట్‌లోనూ గొలుసు తెంపించుకునే పాత్ర కోసం కాదు. ఆ కథ అతను తనే చెప్పాడు. వీధి నాటకంలో వాడకు రావలసిన పాత్ర అదే.